పదునొకండుగురు లేకున్నను ఫుట్‌బాల్



ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో ఒక సాయంకాలము పదిమంది పిల్లలు బంతితో బడి మైదానమునకు వచ్చిరనుకొందము. ఫుట్‌బాల్‌కు 22 మంది కావలయును గదా యని వారు నిరాశతో మరలిపోవుదురు. కాదేని ఆ పదిమందియే పెద్ద మైదానమంతయు పరుగులిడి, కడపసీమ యెండకు సొమ్మసిల్లుదురు. ఈ రెండును అక్కర లేదని మేము మనవి చేయదలచినాము.

గోలు చేయు నేర్పు బంతిని పలుమారులు తాకినగాని అలవడదు. ఒక లెక్క చూడుడు. 60 నిమిషముల ఆటలో బంతిని 22 మందికి సమముగ పంచినచో ఒక్కొక్కరి పాలు 3 నిమిషములకు లోపే. పదిమందికైనచో 6 నిమిషములు.

ఇక నేల మాట. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానమున 22 మంది ఆడినచో తలకు సుమారు 324 చదరపు మీటర్లు వచ్చును. అచ్చటనే పదిమంది ఆడినచో తలకు 714. అది ఆట గాదు, ఆయాసము. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున గీత గీచి ఐదుగురేసి ఆడినచో తలకు 80 మాత్రమే. గోలు చేరువ, ఎదిరియు చేరువ. కావున ఎదిరిని తప్పించుట, సహచరునికి బంతి నందించుట, గోలుపై కొట్టుట అడుగడుగునను తటస్థించును. వెనుక కాచువాడు సైతము ముందునకు రాక తప్పదు. జట్టు తగ్గినచో మైదానమును తగ్గవలయును, కీలకమంతయు ఇదియే.

ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము 2012లో ఈ మార్గమునే చేపట్టి, 8 ఏండ్ల లోపు పిల్లలకు ఐదుగురు, 10 ఏండ్ల లోపువారికి ఏడుగురు, 12 ఏండ్ల లోపువారికి తొమ్మండుగురు చొప్పున జట్లను నిర్ణయించినది. మన దేశమున 2018లో ఆరంభమైన గోల్డెన్ బేబీ లీగులలోను చిన్న జట్లే.

కాచువానికి దాడి నేర్పు ఏల యందురా? 1962లో జకార్తా ఆసియా క్రీడలలో వెనుక వరుస ఆటగాడైన జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఆతనిని ముందువరుసకు మార్చెను. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనము 2-1తో గెలువగా, అందొక గోలు జర్నైల్ సింగుదే.

చిన్న ఆట సర్వము నేర్పదు. దూరపు పాసు, మైదానపు అంచుల వెంబడి సాగు దాడి పెద్ద ఆటలోనే పట్టుబడును. అందుచేత ఐదుగురితో మొదలిడి, ఏడుగురికి, తొమ్మండుగురికి, తుదకు పదునొకండుగురికి మెట్టుమెట్టుగ పెంచుట మేలు.

అయ్యవార్లకు మా విన్నపము: రేపటి సాయంకాలము సున్నముతో నాలుగు గీతలు గీయుడు. గోలుకు గుర్తుగ పిల్లల చెప్పులే చాలును. వచ్చినవారెవ్వరును గట్టున కూర్చుండి చూడ నక్కరలేదు.