వెనుక వరుసను చూడటం ఎలా?



ఎండాకాలం సెలవులు రాగానే మా వెంగల్‌లోనూ, మీ ఊళ్ల దగ్గరా బడి జట్లకు పిల్లలను ఏరుకునే ఫుట్‌బాల్ అభ్యాసాలు మొదలవుతాయి. గట్టు మీద నిలబడి చూసే పెద్దల కళ్లు బంతి వెంటే పోతాయి. గోలు వేసిన పిల్లవాడు ఎవరి కొడుకో ఊరంతటికీ తెలుస్తుంది. గోలు పడకుండా ఆపిన బ్యాకు పేరు అడిగేవారు అరుదు. ఏరే అయ్యవార్లలో కూడా చాలామంది అలాగే చూస్తారు, చిక్కు అక్కడే వస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఒక్క పూట చూసి ఇంటికి పంపేస్తే వాడు మళ్లీ మైదానం తొక్కకపోవచ్చు. క్రీడల కోటాలో వచ్చే కాలేజీ సీటు మీద ఆశ పెట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. కాబట్టి వెనుక వరుస ఆటగాళ్లలో ఏమి చూసి మెచ్చుకోవాలో, ఏమి చూసి మోసపోకూడదో ఈ పూట మాట్లాడుకుందాం.

మనకు చెడుగుడు తెలుసు. కూత పెట్టి వచ్చినవాడి మీదికి మూలన ఉన్నవాడు తొందరపడి ఎగబడితే తానే అవుటవుతాడు. ఓపికపట్టి, అడుగు వెనక్కి వేస్తూ, వచ్చినవాడు కాలు చాచిన క్షణంలో చీలమండ పట్టేవాడే గట్టివాడు. ఫుట్‌బాల్ బ్యాకు పనీ ఇంచుమించు అదే. బంతితో దూసుకొచ్చేవాడి మీదికి కాలు విసిరితే చప్పట్లు పడతాయి. తప్పితే మాత్రం వెనుక గోల్‌కీపర్ ఒక్కడే మిగులుతాడు. మంచి బ్యాకు కాస్త పక్కకు తిరిగి, మోకాళ్లు వంచి, ఎదుటివాణ్ణి గోలుకు దూరంగా గీత వైపు మళ్లిస్తాడు. తోటివాళ్లు వెనక్కి చేరేదాకా వాణ్ణి నిలవేస్తాడు. చూసేవారికి ఏమీ చేయనట్టే ఉంటుంది.

అందుకే నేను ముందుగా చెప్పేది, గీత పక్కన నిలబడకండి, గోలు వెనుకకు వెళ్లి నిలబడండి. నలుగురు బ్యాకులూ ఒక్క వరుసగా కదులుతున్నారో లేదో అక్కడినుంచి బాగా తెలుస్తుంది. ముగ్గురు ముందుకు జరిగి ఒకడు వెనుక మిగిలిపోయాడనుకోండి, ఆ ఒక్కడి పుణ్యమా అని ఎదుటి ఫార్వర్డు ఆఫ్‌సైడ్ కాకుండా తప్పించుకుంటాడు. బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు ఇవతలి బ్యాకు ఏం చేస్తున్నాడు? భుజం మీదుగా వెనక్కి చూసుకుంటున్నాడా, బంతినే చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాడా? నోరు తెరవడం మంచిదే, తోటివాణ్ణి హెచ్చరించడానికైతే. మా పిల్లలు తెలుగూ తమిళమూ కలిపి అరుచుకుంటారు. ఏ భాషయినా మాట వేళకు అందితే చాలు.

ఈ విద్యలో హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని తలచుకోవాలి. ఆయన ఉస్మానియాలో చదివి, బడుల్లో పాఠాలు చెప్పినవారు, అంటే మా వృత్తివారే. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు 4వ స్థానంలో నిలిచినప్పుడు వెనుక వరుసలో ఆడిన అజీజుద్దీన్ ఆ పోలీసు జట్టువారే. బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ పోకూడదన్న షరతుతో రహీమ్ గారు పోటీలు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్నది ఇంకొక పోటీ. బ్యాకులను తూచడానికి ఇంతకన్న మంచి త్రాసు నాకు కనబడలేదు. ఎడమకాలు పలకని బ్యాకును ఎదుటివాడు కాసేపట్లో పసిగట్టి ఆ వైపే వస్తాడు.

1962లో జకార్తా ఆసియా క్రీడల సంగతి చూడండి. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనల్ని 2–0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా వెనుక వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ రహీమ్ గారు ఆయన్ను సెంటర్ ఫార్వర్డుగా దింపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరుసలో ఆడినవారే. వెనుక ఆయన స్థానాన్ని అరుణ్ ఘోష్ చూసుకున్నారు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2–1తో గెలిచాం. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు వేశారు. మరుసటి ఏడు జూన్‌లో రహీమ్ గారు కన్నుమూశారు. ఫలానా వాడు బ్యాకు అని చీటీ అంటించి ఊరుకునే శిక్షకుడికి ఆ ఎత్తు తోచేది కాదు.

మన మైదానంలో ఏం చేయవచ్చు? ముగ్గురు ఫార్వర్డులకు ఎదురుగా ఇద్దరు బ్యాకులను నిలపండి. ఎన్నిసార్లు బంతి లాక్కున్నారన్నది కాదు, గోలువైపు కొట్టే వీలు ఎంత ఆలస్యం చేశారన్నది రాసుకోండి. లాక్కున్న బంతిని తోటివాడికి అందించాడా, కళ్లు మూసుకుని చెట్లలోకి తన్నాడా అన్నదీ రాయండి. ఒకసారి మోసపోయిన పిల్లవాడు తల పట్టుకున్నాడా, వెంటనే వెనక్కి పరుగెత్తాడా? అభ్యాసం చివర పావుగంటలో, ఒళ్లు అలిసినప్పుడు, మరీ జాగ్రత్తగా చూడండి. ఎత్తుగా, లావుగా ఉన్నవాడు మొదటిరోజు అందరికీ నచ్చుతాడు. మూడో రోజుకు సన్నగా ఉన్నవాడి తెలివి బయటపడవచ్చు. ఆ మూడు రోజులూ ఇద్దరికీ ఇవ్వాలి.

జాబితా గోడకు అంటించేముందు పేరు రాని బ్యాకులను ఒక్కొక్కరినే పిలవండి. ఎడమకాలు పలకలేదనో, వెనక్కి చూసుకోవడం లేదనో మీ పుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించండి. మళ్లీ ఎప్పుడు చూస్తారో ఆ తేదీ కూడా చెప్పి పంపండి.