రాష్ట్రపతి ఎన్నిక – మన కట్టుబాటు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రపతి ఎన్నిక గురించి, దేశ రాజకీయాల గురించి సంప్రదాయవాదుల వైపు నుంచి మాట్లాడమన్నారు. మీలో కొందరు మమ్మల్ని పాతకాలపు మనుషులంటారని తెలుసు. కాదనం. అయితే పాతకాలం అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మామిడి కాయ చెట్టు మీద ఎంత నిండుగా కాసినా కొత్తల పండుగ కాకుండా మన పెద్దలు ముట్టుకునేవారు కాదు. కొత్త కాయ వద్దని కాదు. ముందు దేవుడికి, పెద్దలకు పెట్టి, ఊరంతా కలిసి, ఆ తర్వాత తినాలని. కొత్తది రావాలి, కానీ ఊరి కట్టుకు లోబడి రావాలి. మా సంప్రదాయవాదం అంతే. ఢిల్లీ రాజకీయాలను కూడా మేము ఈ కళ్లతోనే చూస్తాం.

2022 జులై 25న ద్రౌపదీ ముర్ము గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసి, జోహార్ అంటూ ప్రసంగం మొదలుపెట్టారు. ఆ మాట మన గూడేల్లో టీవీల ముందు కూర్చున్న ముసలివాళ్లకు ఎలా వినిపించిందో చెప్పనక్కర్లేదు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడ అనే సంతాల్ ఊరి ఆడబిడ్డ. నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం, రైరంగ్‌పూర్‌లో పాఠాలు చెప్పడం, 1997లో అక్కడే కౌన్సిలరు, ఆ తర్వాత రెండుసార్లు ఎమ్మెల్యే, మంత్రి, 2015 నుంచి 2021 దాకా జార్ఖండ్ గవర్నరు. మెట్టు తర్వాత మెట్టు. ఒక్క ఎగురులో పైకి పోయిన మనిషి కాదు. మాకు ఆమెలో మొదట నచ్చింది అదే.

అయితే ఈ కథ 2022లో మొదలవలేదు. 1992లో శంకర్ దయాళ్ శర్మ గారి మీద జి.జి. స్వెల్ అనే ఖాసీ నాయకుడు పోటీ చేశారు. లోక్‌సభ ఉపసభాపతిగా పనిచేసిన మనిషి. ఓడిపోయారు. 2012లో గారో బిడ్డ పి.ఎ. సంగ్మా గారు, లోక్‌సభ స్పీకరుగా పనిచేసినవారు, ప్రణబ్ ముఖర్జీ గారి మీద నిలబడ్డారు. ఆదివాసీ ఎందుకు రాష్ట్రపతి కాకూడదని దేశాన్ని అడిగారు. తన పార్టీ ఒప్పుకోకపోతే పార్టీనే వదిలేశారు. ఆయనా ఓడిపోయారు. మూడోసారికి గెలిచాం. ఫోన్లలో ముర్ము గారి ఫోటో పెట్టుకున్న పిల్లల్లో స్వెల్ గారి పేరు విన్నవాళ్లు ఎందరో మాకు అనుమానమే. ఓడిపోయినవాళ్ల పేర్లు కూడా గుర్తుంచుకోవడం మన పద్ధతి.

ఇప్పుడు లెక్క చూద్దాం. రాష్ట్రపతిని ఎన్నుకునేది గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలు. 2022లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 700. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132. దీనికి 1971 నాటి జనాభా ఆధారం. ఆంధ్రాలో ఎస్టీ నియోజకవర్గాలు ఏడు, తెలంగాణలో పన్నెండు. ఎస్టీ ఎంపీ సీట్లు అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్, మూడే. అన్నీ కలిపితే 4,797. మొత్తం విలువ 10,86,431. అంటే మన వాటా అర శాతం కూడా లేదు.

ముర్ము గారికి వచ్చింది 6,76,803. యశ్వంత్ సిన్హా గారికి 3,80,177. ఆంధ్రాలో అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ముర్ము గారికే మద్దతు ఇచ్చాయి, అక్కడ సిన్హా గారికి ఒక్క ఓటూ పడలేదు. తెలంగాణలో అధికార పార్టీ సిన్హా గారి వైపు నిలబడింది. చింతూరు వైపు ఎమ్మెల్యే పార్టీ ఒక దారి, భద్రాచలం వైపు ఎమ్మెల్యే పార్టీ ఇంకో దారి. రెండు వైపులా మన చుట్టాలే. ఈ ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు, ఓటు రహస్యం. అయినా ఎమ్మెల్యేలు తమ మనుషుల్ని అడిగి ఓటేశారా, పార్టీ ఆఫీసుని అడిగి ఓటేశారా? ఈ ప్రశ్న మేము రెండు వైపుల వాళ్లకూ వేస్తున్నాం.

మా దృష్టిలో ముర్ము గారు చేసిన పెద్ద పని రాష్ట్రపతి కాకముందే జరిగింది. 1899–1900లో బిర్సా ముండా ఉల్గులాన్ జరిగింది. దాని వేడి చల్లారకముందే, 1908లో, తెల్ల ప్రభుత్వం ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం తెచ్చింది. ఆదివాసీ భూమి పరాయి చేతికి పోకుండా అడ్డుకట్ట అది. సంతాల్ పరగణాలకు 1949లో ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. 2016లో జార్ఖండ్ శాసనసభ ఈ రెండింటికీ సవరణలు చేసింది. సాగు భూమిని వేరే పనులకు వాడుకోవడానికి వాటిలో దారి ఉంది. ప్రభుత్వం బీజేపీది. గవర్నరు ముర్ము గారు, ఆమె పెరిగిందీ ఆ పార్టీలోనే. ఊళ్లు గోల పెట్టాయి. 2017లో ఆమె ఆ బిల్లుల మీద సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. తర్వాత ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంది.

ఇందులో ధర్నా లేదు, రాజీనామా లేదు, టీవీలో కేకలు లేవు. రాజ్యాంగం ఇచ్చిన అధికారం ఉంది, దాన్ని వాడారు. వందేళ్ల పాత చట్టాన్ని పాతదిగానే ఉంచారు. అభివృద్ధి పేరుతో వచ్చే ప్రతి సవరణకూ చప్పట్లు కొట్టే మన పిల్లలు ఈ ఒక్క సంగతి చదివితే చాలు.

మన దగ్గరా అలాంటి పాత చట్టమే ఉంది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం చేసింది. దానికి ముందు 1879 నాటి రంపా ఫితూరీ ఉంది. 1959లో మన రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని గట్టి చేశారు. మనం 1/70 అని పిలుచుకునేది అదే. అటు ఆదిలాబాద్‌లో 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమ్ ప్రాణం పోయాక గానీ నిజాం సర్కారు గోండుల భూముల గోడు వినలేదు. ఈ చట్టాల్లో ఏదీ ఊరికే ఇచ్చింది కాదు. 1997లో సమత కేసు తీర్పు కూడా ఈ పాత రెగ్యులేషన్ మీదే నిలబడింది. ఇవాళ రోడ్డు పక్క గూడెంలో ఏం జరుగుతోంది? బినామీ పేర్లతో రిసార్టులు, లీజు కాగితాలు. సంతకం పెడుతున్నది మనవాళ్లే, సాక్షి సంతకం కూడా మనవాళ్లదే. ఢిల్లీలో ఎవరు కూర్చున్నా ఈ సంతకాన్ని ఆపలేరు.

మీరు అడుగుతారు, మరి రాష్ట్రపతిగా ఆమె ఏం ఆపారు అని. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి సవరణ వచ్చింది, సంతకం పెట్టేశారు కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలి. ఎన్నికైన ప్రభుత్వానికి పోటీ ప్రభుత్వంగా రాష్ట్రపతి భవన్ మారడం మాకు ఇష్టం లేదు. ఇవాళ మనకు నచ్చిన మనిషి హద్దు దాటితే రేపు నచ్చని మనిషి కూడా దాటుతాడు. కానీ హద్దు లోపల ఒక మెట్టు ఉంది. ఒకసారి మళ్లీ ఆలోచించమని తిప్పి పంపొచ్చు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమన్న సలహాను నారాయణన్ గారు తిప్పి పంపారు. 2006లో కలాం గారు లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. పార్లమెంటు మళ్లీ పంపితే సంతకం పెట్టారు. రెండుసార్లూ ఆకాశం విరిగి పడలేదు. అడవి చట్టం ఆ మెట్టు మీద ఒక్కసారి ఆగి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. ఆమె మీద గౌరవం ఉంది కాబట్టే ఇది చెబుతున్నాం.

అలాగే 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనాన్ని రాష్ట్రపతి లేకుండా ప్రారంభించారు. ప్రతిపక్షాలు బహిష్కరించాయి. మేము ఏ పక్షమూ కాదు. కానీ పటేల్ లేకుండా ఊరి పండుగ మొదలుపెడితే మన దగ్గర ఎవరైనా ఒప్పుకుంటారా? పదవికి ఇవ్వాల్సిన మర్యాద పదవికి ఇవ్వాలి. సంప్రదాయం గురించి గొప్పగా మాట్లాడే పార్టీకి ఈ చిన్న సంగతి తెలియకపోవడం మాకు కష్టంగా అనిపించింది.

2022 నవంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ దినోత్సవ సభలో ఆమె చిన్న నేరాలకు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి మాట్లాడారు. జడ్జీల ముందు, మంత్రి ముందు. మన ఏజెన్సీలో ఆ మాట అర్థం కాని కుటుంబం ఉండదు. కొన్ని అధికారాలు సంతకంలో ఉండవు, నోటి మాటలో ఉంటాయి.

ఇక మీ సంగతి. ఎన్నికలు వస్తే గూడెంలో మూడు జెండాలు, మూడు గుంపులు, అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. పార్టీ వద్దని మేము చెప్పం. పార్టీని గ్రామసభ లోపలికి తీసుకురావద్దు అంటున్నాం. 1996 పెసా చట్టం ఊరి ఆచారాన్ని, ఉమ్మడి వనరులను, తగవు తీర్చే పద్ధతిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ సభలో మైకు పట్టుకునే పిల్లాడు పార్టీ కండువా వేసుకుని రావడం మాకు మింగుడు పడదు. 1946లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ప్రజాస్వామ్యం ఆదివాసీలకు కొత్తగా నేర్పాల్సినది కాదన్నారు. మన ఊరి కూటమిలో అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడేవారు. ముసలమ్మ మాట కూడా అయ్యేదాకా ఎవరూ లేచేవారు కాదు.

ముందు రెండు పనులున్నాయి. 2027 జులైలో ముర్ము గారి పదవీకాలం అయిపోతుంది, మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక వస్తుంది. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాల పునర్విభజన కూడా రావాలి. ఎస్టీ సీట్లు జనాభా లెక్కను బట్టే వస్తాయి. వలస పోయిన కుటుంబాలు, కొండ మీద పది ఇళ్ల గూడేలు లెక్కలో జారిపోతే సీటు జారుతుంది, ఇందాక చెప్పిన అర శాతం ఇంకా తగ్గుతుంది. లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ప్రతి గూడెంలో చదువుకున్న పిల్లలు ఇద్దరు వాళ్లతో నడవాలి. భాష అని అడిగిన చోట ఇంట్లో మాట్లాడే భాషే రాయించాలి, తెలుగు అని కాదు.

భోజనాలు సిద్ధమయ్యాయని అంటున్నారు. తిన్నాక మామిడి చెట్టు కింద కూర్చుందాం. లెక్కలప్పుడు ఏ గూడెంలో ఎవరు నడుస్తారో అక్కడే పేర్లు రాసుకుందాం, పెన్ను కాగితం మేము తెచ్చాం. జోహార్.