మన మొదటి చిన్న సినిమా: సాధనాలు, ఖర్చులు
(మలేషియా తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సినిమా తీయాలని ఉంది గాని, డబ్బు ఏదండీ?" అని మన యువకులు తరచు అడుగుతూ ఉంటారు. డబ్బు సంగతి తరువాత చూద్దాం. మనకు అసలు తక్కువైనది కాలం. రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగి, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు మాటను ఇంట్లో నిలబెట్టిన తరం మన కళ్ళ ముందే తరిగిపోతున్నది. 1942-43లో సయాం-బర్మా రైలుమార్గం పనికి ఈ తోటల నుంచి కూలీలను తీసుకుపోయిన కథను తండ్రుల నోట విన్నవారు ఇంకా ఉన్నారు. ఆ మాట, ఆ గొంతు పోయిన తరువాత ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రావు. కాబట్టి మన మొదటి సినిమా పది నిమిషాలది చాలు. ఒక మామ్మ, ఒక మనుమరాలు, ఒక ఇల్లు. కథ అంతే.

తక్కువ డబ్బుతో తీసినవారు లోకంలో లేకపోలేదు. 1992లో వచ్చిన 'ఎల్ మరియాచి'ని రాబర్ట్ రోడ్రిగ్జ్ మెక్సికోలో సుమారు 7,000 డాలర్లతో చిత్రించాడు. కెమెరా అరువుది. కెమెరాను కదిలించడానికి చక్రాల కుర్చీ వాడాడు. అయితే, ఆ చిత్రాన్ని కొన్న పెద్ద సంస్థ విడుదలకు ముందు ఇంకా చాలా సొమ్ము ఖర్చు చేసిందని మరువకూడదు. తీయడం ఒక ఖర్చు, జనానికి చేర్చడం మరొక ఖర్చు. 2015లో వచ్చిన 'టాంజరిన్' చిత్రాన్ని ఐఫోనుతోనే తీశారు. మన విశాఖపట్నంలోని కంచరపాలెం పేటలో, అక్కడివారినే నటులుగా పెట్టి, వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసి 2018లో విడుదల చేశాడు. దాని నిర్మాత అమెరికాలోని తెలుగు వైద్యురాలు. కాబట్టి దూరదేశంలో ఉండి తెలుగు సినిమాకు తోడ్పడటం కొత్త సంగతి కాదు.

ఇక సాధనాలు. కెమెరా కొనవద్దు. మీ జేబులోని ఫోను చాలు. ఫిలిం రోజుల్లో 400 అడుగుల పదహారు మిల్లీమీటర్ల రీలు పదకొండు నిమిషాలకు అయిపోయేది. నేడు ఆ భయం లేదు. కాని, ఎన్నిసార్లయినా తీయవచ్చునని రిహార్సలు మానివేస్తే కూర్పు బల్ల దగ్గర ఏడవవలసి వస్తుంది. ఈ దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ గనుక, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకుంటే ట్యూబులైట్లు మినుకుమనవు. వెలుగు, ఫోకస్ ఒకసారి సరిచూసి బిగించండి. ఫోనుకు గట్టి ట్రైపాడ్ ఉండాలి.

బొమ్మ కొంచెం మసకైనా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట వినపడకపోతే లేచి వెళ్ళిపోతాడు. అందుకే మొదటి డబ్బు మైకుకే పెట్టండి. బట్టకు తగిలించే చిన్న మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ఫ్యానూ, ఫ్రిజ్జూ ఆపండి. ప్రతి గదిలోనూ అర నిమిషం ఊరక నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కూర్పులో మాటకూ మాటకూ నడుమ అదే అతుకు. దీపాలకు బదులు కిటికీ వెలుగు, ఎదురుగా తెల్ల దుప్పటి లేదా థర్మోకోల్ పలక చాలు. కూర్పుకు డావిన్చీ రిజాల్వ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. తీసినదానికి ఏ రోజుకారోజు రెండు ప్రతులు, రెండు వేరువేరు ఇళ్ళలో ఉంచండి.

ఇక లెక్క. మీ దగ్గర ఉన్నది ఎంతైనా, దాన్ని నూరు భాగాలు చేయండి. ముప్పైఅయిదు తిండికి, ప్రయాణానికి. ఇరవై శబ్దానికి. పదిహేను ట్రైపాడ్‌కు, వెలుగుకు. పది హార్డ్ డిస్కులకు. మిగిలిన ఇరవై ముట్టుకోవద్దు. వాన పడుతుంది, మామ్మకు ఒంట్లో బాగుండదు, మరొక రోజు తీయవలసి వస్తుంది. అప్పుడు ఆ ఇరవయ్యే మిమ్మల్ని కాస్తుంది. జీతం లేకుండా పనిచేసేవారికి వేళకు కడుపునిండా అన్నం పెట్టడం మన ధర్మం కూడాను. సినిమా పాటలు పెట్టుకోవద్దు, హక్కులు వేరొకరివి. మీ మామ్మ జోలపాట ఉండనే ఉన్నది. తోటలో తీసే ముందు యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి.

మనుమలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. అయినా మామ్మ మాట వింటే గుర్తు పడతారు. అడుగున మలయ్, ఇంగ్లీషు అక్షరాలు వేయండి, ఇరుగుపొరుగు వారూ చూస్తారు. వచ్చే ఉత్సవానికి ఈ వేదిక మీద ఒక తెర కట్టిద్దాం. దాని మీద వెలిగే మొదటి ముఖం మన ఇంటి పెద్దలదే కావాలని కోరుతున్నాను.