సూ జాతిలో కన్యావరణము



ఉత్తర అమెరికా నడుమనున్న విశాలమైన పచ్చిక మైదానములలో అడవిదున్నల మందల వెంట సంచరించుచు జీవించినవారు సూ జాతివారు. వారు తమ్ము తాము లకోటాలనియు, డకోటాలనియు పిలుచుకొందురు. 19వ శతాబ్దిలో వారి యువకుడు కన్యను వరించు విధమును తెలిసికొనుట నేటి ప్రసంగమునకు విషయము.

కన్నెపిల్ల తల్లి చాటున పెరుగుట ఆ జాతి మర్యాద. ఆమెతో ఏకాంతముగా మాటలాడుట సులభము కాదు. కావున ఆమె నీటికి పోవు త్రోవలో యువకుడు వేచియుండెడివాడు. సాయంకాలమున ఆమె తమ తోలు గుడారము వెలుపల నిలిచియుండగా, తన కంబళిని ఆమెకుగూడ కప్పి, ఆ ముసుగులో మెల్లగా సంభాషించెడివాడు. ఇది రహస్యము కాదు. ఇంటివారి యెదుటనే జరిగెడిది. అయినను వారు చూడనట్లే మెలగెడివారు. పలువురు కోరిన కన్య యున్నచో యువకులు ఒకరి తరువాత నొకరు తమ వంతుకై నిలుచుటయు కలదు. నచ్చనివాని కంబళినుండి తొలగిపోవుటకు ఆమెకు స్వేచ్ఛ యుండెను.

మాట సాగనిచోట పిల్లనగ్రోవి పలికెడిది. సువాసనగల కొయ్యతో చేసి, కొనను పక్షి శిరస్సువలె చెక్కిన ఈ వాద్యమునకు వారి భాషలో 'సియోతాంకా' అని పేరు. ఎల్క్ అను పెద్ద జింక తన కూతతో ఆడుజింకలను రప్పించుకొనును గనుక, ప్రణయశక్తి దానియందు కలదని వారి విశ్వాసము. 20వ శతాబ్దిలో క్షీణించిన ఈ వాద్యమును తిరిగి వినిపించినవారిలో కెవిన్ లాక్ (1954–2022) ప్రముఖుడు.

వరుడు కన్య తండ్రికో సోదరునికో గుర్రములను కానుకగా పంపుట గౌరవప్రదమైన పద్ధతి. గుర్రమే ఆనాడు వారికి గొప్ప ధనము. కన్యవైపువారును కానుకలిచ్చెడివారు. పరులకు మాత్రమిది కన్యావిక్రయముగా తోచెను. 1883లో అమెరికా ప్రభుత్వము ఆ దేశపు ఆదివాసులకై వెలువరించిన నేరముల నియమావళిలో, కన్య బంధువులకు ధనమిచ్చి ఆమెతో కాపురము చేయుట నేరముగా చేర్చబడెను.

లోపలి సంగతి చెప్పినది ఎల్లా డెలోరియా (1889–1971). డకోటా వనితయైన ఈమె వృద్ధుల మాటలను వారి భాషలోనే వ్రాసికొని ఆచారములను గ్రంథస్థము చేసెను. ఆమె నవల 'వాటర్‌లిలీ' ఆమె మరణించిన 17 ఏండ్లకు, 1988లో, వెలువడెను. కన్యకై గుర్రములిచ్చుట ఆమెకు గౌరవమని ఆ నవల తెలుపును. అంతటితో ఆగక, అంతగా నెరుగని వరునికి కుటుంబము కొరకు సమ్మతించిన కన్య మనోవేదననుగూడ దాచక చెప్పును.

ఆచారమును పొగడుటకైనను తెగడుటకైనను ముందు, దానిని పాటించినవారి మాట వినవలెను. సముద్రముల కావలివారి మాటను పల్లెలోని పాఠకుని చెవిని వేయునది గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున అది చేయుచున్న సేవ యిదియే.