చిక్కు లెక్కలకు గ్రంథాలయపు సాయము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో గ్రంథముల మహిమను గూర్చియో, కవుల ఘనతను గూర్చియో మాటలాడుట వాడుక. నేను లెక్కల పంతులను. పదవ తరగతి పరీక్షలో మన పిల్లలను కలవరపెట్టు కఠినమైన లెక్కలను గూర్చి చెప్పెదనంటిని. "లెక్కలకును గ్రంథాలయమునకును ఏమి సంబంధము?" అని ఒక మిత్రుడు నవ్వుచు నడిగెను. ఆ ప్రశ్నకు జవాబే నా ప్రసంగము.

మొదట నా పొరపాటు నొకటి మీ ముందుంచెదను. ఉద్యోగములో చేరిన కొత్తలో సాయంకాలము కొందరు పిల్లలకు ఇంటివద్ద లెక్కలు చెప్పెడివాడను. వారు చిక్కుపడిన లెక్కను తెచ్చిన వెంటనే చకచక చేసి చూపెడివాడను. వారు దించుకొని పోయెడివారు. త్వరగా చేయుటయే గొప్ప సాయమని నా భ్రమ. అందొక బాలుడు నోటుపుస్తకము నిండ లెక్కలు దించుకొనెను. పరీక్షలో అదే తీరు లెక్క, పేర్లును అంకెలును మార్చి ఇచ్చిరి. వాడు విడిచిపెట్టెను, తప్పెను. ఫలితములు వచ్చిననాడు నాతో, "మీరు చేస్తుంటె అంత తెల్సినట్టే ఉండె సార్, నేను కూసుంటె రాలే" అనెను. మరల పరీక్షకు కూర్చుండక హైదరాబాదుకు కూలిపనికి పోయెను. నేను చెప్పిన జవాబులన్నియు సరియైనవే. చేసిన సాయము మాత్రము సరియైనది కాదు.

అయితే సరియైన సాయమేది? ఒక లెక్కను చూతము. కొందరు గ్రామస్థులు తమ గ్రంథాలయమునకై 600 రూపాయలు సమముగా వేసికొన దలచిరి. చెల్లించునాటికి మరి ఐదుగురు చేరిరి. అందుచే ఒక్కొక్కరి వంతు 10 రూపాయలు తగ్గెను. మొదట ఎందరుండిరి?

దీనిని చూడగానే చాలమంది పిల్లలు 600ను ఐదుచే భాగింతురు. ఏల? భాగహారము వారికి వచ్చును గనుక. లెక్క అడిగినది మాత్రము వేరు. మొదటి వారి సంఖ్య తెలియదు గనుక దానిని ఎక్స్ అందము. మొదటి వంతు 600లో ఎక్స్‌వ భాగము. తరువాతి వంతు 600లో, ఎక్స్‌కు ఐదు కలుపగా వచ్చిన సంఖ్యవ భాగము. ఈ రెంటిలో ఏది పెద్దది? ఇచ్చటనే మంచి విద్యార్థియు తడబడి, చిన్నదానినుండి పెద్దదానిని తీసివేయును. ఈ ఒక్క మెట్టు దాటిన యెడల మిగిలినది సులభము. ఎక్స్ వర్గమును, ఐదు ఎక్స్‌లును కలిసి 300 అగును. జవాబులు రెండు వచ్చును: 15, మైనస్ 20. మైనస్ 20 మంది మనుష్యు లుండరు గనుక 15 మందియే. సరిచూచుకొందము. 15 మందికి వంతు 40 రూపాయలు. 20 మందికి 30. పది తగ్గినది, లెక్క కుదిరినది.

ఇందు పిల్లవాడు చిక్కుపడినది వర్గ సమీకరణమువద్ద కాదు, చదువుటవద్ద. మనుష్యులు పెరిగిన వంతు తగ్గునని ఈ సభలో ఎరుగని వారెవరు? కాని పుస్తకములోని వాక్యమునకును తానెరిగిన లోకమునకును మధ్య వంతెన లేక పిల్లవాడు ఒడ్డున నిలిచిపోవును.

ఈ వంతెన కొరత మనకు కొత్త కాదు. నిజాము రాజ్యమున ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగినది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. లెక్కకు ముందు భాషను గెలువవలసి యుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది ఆ కొరత తీర్చు తలంపుతోనే గదా! నేడు మన పిల్లలనేకులు ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నారు. నాటి చిక్కు మరొక భాషలో మరల వచ్చినది. అంతకు ఎంతో ముందే, 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను తన భాషలో చదువుకొనుట తెలుగువానికి ఏనాటినుండియో ఉన్న అక్కర.

గ్రంథాలయపు పుస్తకము గణితమున కెంత చేయగలదో శ్రీనివాస రామానుజన్ జీవితము చెప్పును. 1903 ప్రాంతమున, పదునారేండ్ల వయసున, కుంభకోణములో కార్ అను ఆంగ్లేయుని గణిత గ్రంథము ఆయనకు గ్రంథాలయమునుండి లభించెను. అందు వేలకొలది సూత్రములు గలవు గాని వివరణ స్వల్పము. ఆ సూత్రములను ఆ బాలుడు తానే సాధించి చూచుకొనెను. అందరును రామానుజనులు కాజాలరు. అయినను తన చేతితో చేసినదే తనదగునను మాట అందరికిని వర్తించును. నేడు లెక్కను ఫోనునకు చూపిన క్షణములో జవాబు వచ్చును. ఆ ఫోను, నేను నాడు చేసిన పొరపాటునే నాకంటె వేగముగ చేయగలదు. ఆగిన చోటు తెలిసికొని అడిగినవానికి అదియు ఉపకరించును. దించుకొనువానికి ఏదియు ఉపకరింపదు.

కావున కార్యవర్గమువారికి నా మనవి యిది. సాయంకాలము రెండు గంటలసేపు ఒక బల్లను లెక్కలకై కేటాయింపుడు. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరునట్లు వేళ నిర్ణయింపుడు. పాఠ్యపుస్తకములు తెలుగునను ఇంగ్లీషునను పక్కపక్కన ఉంచుడు. పాత ప్రశ్నపత్రములను కుట్టి భద్రపరుపుడు. ఇంటర్మీడియెటు చదువు అన్నలు, అక్కలు వంతుల వారీగా కూర్చుండవచ్చును. నియమములు రెండు చాలును. అడుగవచ్చినవాడు తాను ఎంతవరకు చేసెనో కాగితముపై చూపవలెను. చెప్పువాడు కలము పట్టరాదు. కలము పిల్లవాని చేతనే ఉండవలెను.

హంగెరీలో పుట్టి అమెరికాలో బోధించిన పోల్యా అను గణితాచార్యుడు 1945లో వెలువరించిన గ్రంథములో లెక్క సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: లెక్కను గ్రహించుట, ఉపాయము నాలోచించుట, ఆచరించుట, వెనుదిరిగి చూచుకొనుట. మొదటి మెట్టుకు చదువు రానివారును తోడుపడగలరు. మన మేస్త్రి గోడ మూల సరిచూచుకొనుటకు ఒకవైపు 3 అడుగులు, రెండవవైపు 4 అడుగులు కొలిచి, కొసనుండి కొసకు 5 అడుగులు వచ్చినదా యని చూచును. పైథాగరస్ సిద్ధాంతమునకు అంతకంటె మంచి పాఠ మేది? అక్షరము రాని తల్లియు బిడ్డ పక్కన కూర్చుండి, "ఏమిచ్చిండ్రు బిడ్డా? ఏమడిగిండ్రు?" అని అడుగవచ్చును. బిడ్డ తన మాటలలో చెప్పుకొనునప్పుడు సగము లెక్క తేలిపోవును.

విద్యార్థులారా! తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. "ఈ లెక్క రాదు" అనుటకు మారుగా "ఇచ్చట ఆగితిని" అనుట నేర్చుకొనుడు. ఆగిన చోటు చూపగలవానికి చేయి అందించువారు దొరకుదురు. ఆ బాలునికి నాడు నే నందింపలేకపోతిని. ఈ గ్రామమున మరియొక బిడ్డ అట్లు ఒంటరిగా ఆగిపోకుండ ఈ గ్రంథాలయము తోడు నిలుచుగాక!