చిన్న బడిలో చేర్చే ముందు

(యారాడలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండకు ఇవతల సముద్రం, అవతల ఓడరేవు. డాల్ఫిన్స్ నోస్ మలుపులు ఎక్కి దిగితే గాని సింధియాకో మల్కాపురానికో చేరలేము. ఇటువంటి చోట అయిదేళ్ల బిడ్డను వ్యానులో కొండ దాటించి పెద్ద బడికి పంపడమా, ఇంటికి దగ్గరగా ఉండే చిన్న ప్రైవేటు బడిలో చేర్చడమా అన్న ప్రశ్నతో మీరు మమ్మల్ని పిలిచారు.

బడి చిన్నదైనంత మాత్రాన చెడ్డది కాదు. మదనపల్లె సమీపంలో రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. వేర్వేరు వయసుల పిల్లలు అక్కడ ఒకే చోట కూర్చొని చదువుతారు. పాఠాన్ని కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లవలె పేర్చి ఉంచుతారు. ఏ బిడ్డ మెట్టు ఆ బిడ్డది. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్ల తిరిగి వచ్చినప్పుడు, ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. ఈ పద్ధతికి రూపమిచ్చిన పద్మనాభరావు, రమ దంపతులు అంతకు ముందు నీల్‌బాగ్‌లో తర్ఫీదు పొందినవారు. డేవిడ్ హార్స్‌బరో 1972లో కోలారు జిల్లాలో తెరచిన చిన్న బడి అది.

కాబట్టి ఒకే గదిలో రెండు తరగతులు కనిపిస్తే కంగారు పడవద్దు. రెండో తరగతికి పాఠం చెబుతున్న వేళ మూడో తరగతి పిల్లలు ఏం చేస్తున్నారో కిటికీలోంచి చూడండి. తమ పనిలో తాము ఉంటే మంచిదే. చేతులు కట్టుకొని నోరు మూసుకొని కూర్చుంటే అది బడి కాదు, బందెలదొడ్డి.

ఇక కాగితాల సంగతి. మేము ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికినవాళ్లం. గుమాస్తాకు ఎదుటి మనిషి ముఖం కంటే అర్జీ మీది నంబరే ముందు కనిపిస్తుంది. అది మా వృత్తి దోషం. ఈ ఒక్క విషయంలో ఆ దోషాన్ని మీరూ అలవరచుకోవాలి.

కొన్నేళ్ల క్రితం కాంట్రాక్టు పని చేసుకునే ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. "చాచా, అమ్మాయి అయిదో తరగతి అయిపోయింది, బడివాళ్లు టీసీ ఇవ్వడం లేదు" అన్నాడు. ఫీజు బాకీ ఉందేమో అనుకున్నాము. పైసా బాకీ లేదు. వెళ్లి విచారిస్తే తెలిసింది, టీసీ ఇచ్చే అధికారమే ఆ బడికి లేదని. దానికి గుర్తింపు లేదు. అయిదేళ్లుగా ఆ పిల్ల పేరు మరొక బడి హాజరుపట్టీలో నడుస్తున్నది. అందులో పేరు ఒక అక్షరం తప్పు, పుట్టిన తేదీ పూర్తిగా తప్పు. ఆధార్‌తో సరిపోలక ఆనాటి అమ్మఒడి డబ్బు కూడా తల్లి ఖాతాకు చేరలేదు. ఎందుకు రాలేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తరువాత ప్రభుత్వ బడికి వెళ్తే, టీసీ లేనిదే చేర్చుకోము అన్నారు. ఇది చట్టవిరుద్ధం. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడికి దూరమైన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండరాదని అయిదో సెక్షన్, వయసు రుజువు లేదని నిరాకరించరాదని పద్నాలుగో సెక్షన్ చెబుతున్నాయి. ఈ మూడు సెక్షన్లూ ఉదహరించి అర్జీ రాశాము. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాము. నోటితో ఎంత వాదించినా కదలని పని ఆ సంతకంతో కదిలింది. అయినా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆ పిల్ల తల్లి వెంట వెళ్లి, తల్లి పని చేసే ఇంటి మెట్ల మీద కూర్చున్నది.

అందుకే ఫీజు కట్టక ముందే గుర్తింపు పత్రం చూపమని అడగండి. ఏయే తరగతులకు, ఏ సంవత్సరం వరకు అన్నది చదవండి. గుర్తింపు లేకుండా బడి నడపడం పద్దెనిమిదో సెక్షన్ కింద నేరం, లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపకపోతే రోజుకు 10,000. పదకొండు అంకెల యూడైస్ కోడు రాసుకోండి. మన రాష్ట్రంలో అది 28తో మొదలవుతుంది. ఆ కోడు మీద ఉన్న పేరూ, గోడ మీద ఉన్న బోర్డూ ఒకటేనా? ఉపాధ్యాయుల డీఎడ్, టెట్ గురించి అడిగితే తప్పు లేదు. అరవై మంది లోపు పిల్లలకు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి.

బిడ్డకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం, డొనేషన్ అడగడం, కొట్టడం చట్టం నిషేధించిన పనులు. కొట్టకపోతే చదువు రాదని మనలోనే కొందరు బడికి వెళ్లి చెప్పి వస్తారు. దయచేసి చెప్పవద్దు.

మెట్లు ఎన్ని, వంట ఎక్కడ, బయటికి దారి ఎటు? 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి వంటశాలలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లూ ప్రాథమిక తరగతుల పిల్లలే.

మతం మాట కూడా అడిగారు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ సంస్థలోనైనా సంరక్షకుని సమ్మతి లేకుండా మైనరు బిడ్డను మతబోధలో, మతారాధనలో పాల్గొనమని బలవంతపెట్టరాదు. తగాదా అవసరం లేదు, చేర్చే రోజునే మర్యాదగా రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు.

"మనవాళ్ల బడే కదా, ఏమడుగుతాం?" అని ఒక సోదరి అన్నారు. అక్కడే ఎక్కువగా అడగాలి. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014 మే 6న సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. కనుక పైన చెప్పిన రక్షణల్లో చాలా వాటిని అక్కడ ఆ చట్టం పేరుతో కోరలేము. 1982 రాష్ట్ర విద్యా చట్టం కింద గుర్తింపు మాత్రం వారూ తీసుకోవలసిందే. బోర్డు మీద నెలవంక ఉన్నంత మాత్రాన అది గుర్తింపు పత్రం కాదు. ఇలా అంటే మా మీద అలిగే మిత్రులు ఉన్నారు, అలగనివ్వండి.

తక్కిన ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం ఉచితం. మన రాష్ట్రంలో ఇది 2022-23 నుంచి అమలవుతున్నది. అందులో బలహీన వర్గాలకు ఉన్న 6 శాతంలోనే మైనారిటీలూ వస్తారు. దరఖాస్తు గడువు బడులు తెరిచేలోపే ముగిసిపోతుంది, చివరి రోజు దాకా ఆగవద్దు.

బిడ్డ ఆధార్, పుట్టిన తేదీ పత్రం, పాత బడి రసీదులు వెంట తెచ్చినవారు ఎవరైనా ఉంటే అస్ర్ నమాజు తరువాత ఇక్కడే కూర్చుంటాము. తెల్లకాగితాలు, కార్బన్ పేపరు మా సంచిలో ఉన్నాయి.