చక్రాల పరంజా: ఎక్కేముందు చూడవలసినవి



ముంబయి నగర నిర్మాణంలో తెలుగువారి శ్రమ చిన్నది కాదు. కామాఠీపురకు ఆ పేరు వచ్చింది ఇక్కడికి తరలివచ్చిన తెలుగు శ్రామికుల వల్లనే. నేటికీ పాలమూరు ప్రాంతపు మేస్త్రీలు, రంగులు వేసేవారు ఈ నగర భవనాల వెలుపలి గోడల మీద పనిచేస్తున్నారు. తెలుగువారి పరంజాను మరాఠీలో పరాంచి అంటారు. పేర్లు దగ్గరివే. అయితే పైన నిలిచిన మనిషికి కింది నుంచి వచ్చే హెచ్చరిక కూడా అంత దగ్గరగా, అర్థమయ్యే మాటల్లో వినిపించాలి.

వానాకాలానికి ముందు గోడల మరమ్మతులు ముమ్మరమవుతాయి. తక్కువ ఎత్తు పనులకు చక్రాల మీద జరిపే ఇనుప పరంజాను వాడతారు. అది త్వరగా అమరుతుంది, తేలికగా జరుగుతుంది. గోడకు కట్టిన పరంజాకు ఉండే పట్టు మాత్రం దానికి లేదు.

మొదట నేలను చూడాలి. మెత్తని మన్ను, మురుగు కాలువ మూత, వాలు ఉన్నచోట దానిని నిలపరాదు. చక్రాలన్నిటికీ బ్రేకులు వేయాలి. ఐమూలగా బిగించే గొట్టాలలో ఒక్కటి తగ్గినా పని మొదలుపెట్టరాదు.

తరువాత ఎత్తు. ఆరుబయట పనిలో, పీఠపు తక్కువ వెడల్పుకు మూడు రెట్లు మించి ఎత్తు పోరాదన్నది సాధారణంగా పాటించే నియమం. వెడల్పు 4 అడుగులైతే పనిచేసే పలక 12 అడుగుల లోపే ఉండాలి. అంతకు మించితే పక్కకాళ్లు బిగించి పీఠాన్ని విస్తరించాలి, లేదా గోడకు కట్టాలి. చేయి అందలేదని పలక మీద నిచ్చెన వేయడం ఆ లెక్కను తారుమారు చేస్తుంది. దుమ్ము రాలకుండా కట్టే పట్టా గాలికి తెరచాపలా మారి పరంజాను లాగుతుంది. గాలివాన సూచన కనబడగానే దిగిపోవాలి.

ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. దిగి ఎక్కడం దండగనుకుని, పైన మనిషి ఉండగానే పరంజాను తోయించుకుంటారు. చక్రం చిన్న గుంతలో పడితే చాలు, పీఠం దగ్గర కదలిక స్వల్పమైనా పైన అది పెద్ద ఊపవుతుంది. మనిషి దిగాలి, పనిముట్లు దించాలి, పైన విద్యుత్తు తీగలు లేవని చూడాలి. ఆ తరువాతే, అడుగుభాగాన్ని పట్టి, మెల్లగా జరపాలి.

పలక చుట్టూ చేతికమ్మి, అంచున అడ్డుపలక ఉండాలి. ఎక్కడం లోపలివైపు నిచ్చెన నుంచే. సేఫ్టీ బెల్టు కొక్కేన్ని తేలికపాటి పరంజాకు తగిలిస్తే, జారిన మనిషితో పాటు అదీ ఒరిగిపోవచ్చు. భవనంలోని గట్టి ఆధారానికే తగిలించాలి.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో సంక్షేమ మండళ్లు ఏర్పడ్డాయి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. ఊరు వేరైనంత మాత్రాన ఈ హక్కు పోదు.

బ్రేకు పడని పరంజా ఎక్కనని చెప్పిన కూలీకి ఆ పూట కూలి పోవచ్చునన్న భయం ఉంటుంది. ఆ మాట ఒంటరిగా ఒక్కడు చెప్పవలసి రాకూడదు. జట్టు మేస్త్రీయే ముందుగా చెప్పాలి. ఊరినుంచి వారిని వెంటబెట్టుకుని వచ్చినవాడు ఆయనే. క్షేమంగా తిరిగి చేర్చే బాధ్యతా ఆయనదే.